నైరుతి గోడ

గిరీష్ తలుపు తట్టడు. జేబులోంచి తాళంచెవి తీసి తిప్పి, తలుపు సగం తెరిచాక "మేమేనమ్మా" అంటాడు. ఆ శనివారం కూడా అంతే. వెనక మెట్టు మీద నిలబడ్డ సుధేష్ణకి లోపల ఎవరో గబుక్కున లేచిన చప్పుడు, పాలు మధ్యలో ఆగిపోతే పసిపిల్ల పెట్టే కేక వినిపించాయి. లోహిత చున్నీ సర్దుకుంటూ ఎదురొచ్చింది.

"రాండ్రి అంకుల్, రాండ్రి ఆంటీ. ఇల్లు సర్దలే, ఏమనుకోకుండ్రి."

"ఫర్లేదమ్మా. ఊరికే ఓసారి చూసి పోదామని." అప్పటికే గిరీష్ కళ్ళు గోడల మీద తిరుగుతున్నాయి.

డబ్లిన్‌కి చాలా దూరంగా ఉన్న లెటర్‌కెన్నీ ఊళ్ళో హాస్పిటల్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇళ్ళ వరసలో ఉంది ఆ ఇల్లు. వేసవిలో కొన్నప్పుడు పైకప్పు కారేది, కార్పెట్ల కింద చెక్క మెత్తబడి పోయి ఉండేది. గిరీష్ ఆ హాస్పిటల్లోనే మత్తు డాక్టరు. సెలవు దొరికినప్పుడల్లా మొగుడూ పెళ్ళాలు పాత బట్టలేసుకుని వచ్చి పనిచేశారు. కొత్త కిటికీలు పెట్టించారు, చలిగాలి దూరకుండా తలుపుల కింద బ్రష్షులు బిగించారు. రంగుల పనంతా సుధేష్ణదే. ఇప్పుడు అందులో ప్రజ్వల్, లోహిత, వాళ్ళ పాప అద్దెకుంటున్నారు. ప్రజ్వల్ గిరీష్ దగ్గరే జూనియర్ డాక్టరు. జూలైలో అతని కాంట్రాక్టు పొడిగించాలంటే గిరీష్ ఒక మంచి మాట చెప్పాలి.

"కిటికీలకి ఇంత చెమటేంటమ్మా? ఎంతమందికి వండుతున్నావు అన్నం?" గిరీష్ నవ్వాడు.

లోహిత నవ్వలేదు. చున్నీ కొసతో కిటికీ అద్దం గబగబా తుడిచింది. "పిల్ల బట్టలు లోపల్నే ఆరేస్తున్న అంకుల్. బయట ఎండనేదే లేదు కదా. రేపటి సంది తగ్గిస్త."

ముందు గదిలో గాజు తలుపున్న ఇనప పొయ్యి మండుతోంది. పక్కన బుట్టలో కట్టెల బదులు కాల్చే టర్ఫ్ మట్టి ఇటుకలు. పొయ్యికి ఎదురుగా ఉన్న అరను దాదాపు కప్పేస్తూ, బట్టలారేసుకునే స్టాండు మీద పాప దుప్పట్లు వేలాడుతున్నాయి. పొయ్యి గాజు నల్లగా మసి పట్టింది. లోపల మంట నీరసంగా, పసుప్పచ్చగా, ఎటూ పోలేనట్టు నాలుక ఆడిస్తోంది. ఆ పాత పొయ్యిని సుధేష్ణ స్టీల్ బ్రష్షుతో రుద్ది, నల్లరంగు పట్టించి కొత్తదానిలా చేసింది. అప్పుడు గాజు అద్దంలా మెరిసింది.

సోఫా వెనక గోడకి ఆనించి లక్ష్మీనరసింహస్వామి పటం నేల మీదే ఉంది.

"అంకుల్, గోడకొక చిన్న మేకు కొట్టుకోవచ్చా? స్వామి కిందనే ఉంటుండు. కాళ్ళు తగుల్తయేమోనని భయమైతది."

"అంటించుకునే హుక్కులు దొరుకుతాయి కదమ్మా."

"రెండుసార్లు పడిపోయింది అంకుల్."

"కొత్త ప్లాస్టరు. మేకు దిగితే పెచ్చులూడుద్ది. అవేమీ వద్దు." గిరీష్ గోడని అరచేత్తో నిమిరాడు, పెంపుడు జంతువుని నిమిరినట్టు.

సుధేష్ణ చూపు ఆ పటం మీదుగా మూలకి పోయింది. నైరుతి మూల. చూసేవాళ్ళకి అక్కడ లేత ఊదారంగు గోడ తప్ప ఏమీ కనపడదు. ఆమెకి కనపడుతుంది. అక్కడ గోడలో పిడికిలి పట్టేంత గుండ్రని కన్నం ఉండేది, బయట ఇనప జాలీతో. పొయ్యి ఉన్న గదికి గాలాడ్డానికి పాతకాలం వాళ్ళు పెట్టింది. గుంటూరు నించి వాస్తు చూసే బ్రహ్మయ్యగారు వాట్సాప్ వీడియోలో ఇల్లంతా చూస్తూ అక్కడికి రాగానే ఆపమన్నారు. "నైరుతిలో కన్నమా? యజమానికి గండం తల్లీ. ముందు అది మూయించండి." గిరీష్ గుండెకి స్టెంటు వేసి అప్పటికి ఏడాది కాలేదు. మూయించడానికి సుధేష్ణ ఎవర్నీ పిలవలేదు. కన్నంలో చలి ఆపడానికి వాడే రాతిదూది కుక్కింది, బోర్డు ముక్క కోసి బిగించింది, అంచుల మీద టేపు వేసి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, పైన మూడు పూతలు వేసింది. గోడలో అతుకు ఎక్కడుందో చెప్పమంటే గిరీష్ కూడా చెప్పలేకపోయాడు. ఆ రోజు ఆమెకి ఎంత గర్వంగా అనిపించిందో!

"మా అత్తమ్మకైతే ఇల్లు మస్తు నచ్చింది ఆంటీ," అంది లోహిత టీ కప్పులు తెస్తూ. "వీడియోల దిక్కులన్నీ చూపిచ్చుకున్నది. నైరుతి మంచిగ మూసి ఉన్నదని సంబరపడ్డది." కప్పులు పెట్టి, రెండు వేళ్ళతో కణత నొక్కుకుంది.

"తలనొప్పా?"

"ఏం లేదాంటీ. నిద్రలేక. ఇల్లు మాత్రం మస్తుంది," అని గిరీష్ వైపు చూసింది.

తిరిగి వెళ్తూంటే సుధేష్ణ తల కూడా బరువెక్కింది. కారు కిటికీ దించుకుంది. రౌండెబౌట్ దాటేసరికి తగ్గిపోయింది. పాపం ఆ పిల్ల చక్కెర ఎక్కువ వేసింది టీలో, అనుకుంది.

*

సుధేష్ణ ఒక జీపీ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. సోమవారం పొద్దున లోహిత పాపని తోపుడుబండిలో పెట్టుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"రాత్రంతా కక్కింది ఆంటీ. పాలు తాగుతలేదు."

డాక్టరు చూసి ఏదో వైరస్ అన్నాడు, ఊరంతా ఉంది, తగ్గిపోతుంది, ఇక్కడివాళ్ళ ఊతపదంలో 'గ్రాండ్', భయం లేదు అన్నాడు. బయటికి వచ్చిన లోహిత బల్ల దగ్గర ఆగింది. పాప సుధేష్ణ మెడలో ఉన్న కార్డు పట్టుకు లాగుతూ నవ్వుతోంది.

"చూడుండ్రి, ఇప్పుడెట్ల నవ్వుతున్నదో! ఇంట్లనేమో మూలుగుడే. నాక్కూడ అంతే ఆంటీ. బయటికొస్తే తలకాయ నొప్పి పోతది. ఇంట్లకి పోంగనే మల్ల మొదలు. మా ఆయన నవ్వుతుండు, నీకు పనంటే నొప్పి అని."

"ప్రజ్వల్‌కి లేదా?"

"ఆయన ఇంట్ల ఉంటేగద."

లోహిత వెళ్ళిపోయింది. ఆమె వెనక గోడ మీద చలికాలం మొదట్లో సుధేష్ణే పిన్నులు గుచ్చి పెట్టిన పోస్టరు ఉంది. గాలి చాలని పొయ్యిలోంచి వచ్చే, రంగూ వాసనా లేని విషపు గ్యాసు గురించి. వెల్లకిలా పడుకున్న మనిషి బొమ్మ, పక్కన పొయ్యి బొమ్మ. రోజూ చూసేదే. ఇంట్లో తలనొప్పి, బయటికి వెళ్తే తగ్గడం, అని అందులో రాసి ఉందని మాత్రం ఆమె ఇప్పుడే చదివింది. ఫోను మోగుతోంది. ఎత్తి, క్లినిక్ పేరు చెప్పడానికి నోరు తెరిచింది. పేరు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం గిరీష్ అన్నం తింటూంటే చెప్పింది. అతను వింటూనే పెరుగు కలుపుకున్నాడు.

"పసిపిల్ల కక్కితే గోడ బద్దలు కొట్టాలా?"

"ఊరికే చూద్దాం అంటున్నా. ఆ కన్నం తెరిచి..."

"వచ్చే వారం మనం కొనే రెండో ఇంటికి సంతకాలు. అప్పటిదాకా మొదటి ఇంట్లో ఏదీ కదపొద్దని బ్రహ్మయ్యగారు ఎన్నిసార్లు చెప్పారు? నువ్వు కూడా విన్నావుగా."

"విన్నాను."

"మరి?" గిరీష్ తల ఎత్తాడు. గొంతు తగ్గించాడు. "పొయ్యి ఎదురుగా అరలో గ్యాసు అలారం పెట్టాం కదే. మంచిది, ఖరీదైంది. గ్యాసుంటే అది మోగుద్ది. మోగితే ఆ పిల్ల మనకి చెప్పదా? పంపు కారితేనే పది మెసేజులు పెట్టుద్ది."

నిజమే. మోగితే చెప్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని సుధేష్ణ ఆ రాత్రి గడిపింది. గిరీష్ నిద్రలో అటూ ఇటూ దొర్లినప్పుడల్లా అతని ఛాతీ వైపు చూసింది. కన్నం తెరిస్తే ఇతనికి ఏమైనా అవుతుందేమో. తెరవకపోతే ఆ పిల్లకి. ఏ వైపు తిరిగి పడుకున్నా భయం ఎదురుగానే ఉంది. మర్నాడు లోహితకి ఫోన్ చేసింది. "అలారమేమైనా మోగిందా తల్లీ?" అని అడుగుదామనుకుని, "పాపకెలా ఉంది?" అని అడిగింది. "మంచిగనే ఉన్నది ఆంటీ," అంది లోహిత. అంత తొందరగా, అంత వినయంగా అనడం సుధేష్ణకి నచ్చలేదు.

*

బుధవారం ఆమెకి క్లినిక్ లేదు. గోంగూర పచ్చడి ఒక సీసాలో పెట్టుకుని బయల్దేరింది. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. సన్నగా వాన పడుతోంది. వీధంతా టర్ఫ్ పొగ వాసన. ఆ ఇంటి పొగగొట్టంలోంచి మాత్రం పొగ పైకి లేవకుండా, అంచు మీదుగా కిందకి జారుతోంది.

బెల్ నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. ఉత్తరాలు వేసే సందు మూత ఎత్తి వంగి చూసింది. నడవాలో పాప తోపుడుబండి ఉంది, లోహిత బూట్లు ఉన్నాయి. లోపలెక్కడో వంటింటి ఫ్యాన్ హోరు. కాలిన ఆవాల వాసన.

"లోహితా!"

తాళంచెవి సంచీ అడుగున ఎక్కడో ఉంది. వెతుకుతూంటే పచ్చడి సీసా జారి మెట్టు మీద పగిలింది. ఆమె దాన్ని చూడనైనా లేదు.

ముందు గదిలో లోహిత సోఫాలో ఒక పక్కకి ఒరిగి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. పాప నేల మీద చాపలో పడుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు చిన్నగా మూలుగుతోంది. పొయ్యిలో టర్ఫ్ మండీ మండనట్టు కుములుతోంది. వంటింట్లో ఫ్యాన్ అదే పనిగా గాలిని లాగేస్తోంది. గాలి రావడానికి ఇంట్లో ఒక్క సందైనా లేదు. ఒక్కటీ మిగలకుండా మూసింది తనూ గిరీషే. ఇప్పుడా గాలి పొగగొట్టంలోంచి కిందకి, పొయ్యి పొగని మోసుకుంటూ వస్తోంది.

సుధేష్ణ పాపని ఎత్తి బయటికి పరిగెత్తింది. తన కోటు విప్పి చుట్టి, తడి మెట్టు పక్కన బండలమీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"లే! లోహితా, లే తల్లీ!" చెంపల మీద కొట్టింది.

"ఆంటీ..." లోహిత కళ్ళు తెరిచింది. "సారీ ఆంటీ... పోపు మాడింది... ఇల్లంత వాసన..."

చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. వానలో లోహిత మోకాళ్ళ మీద కూలబడి కక్కుకుంది. సుధేష్ణ తలుపు బార్లా తెరిచి, అంబులెన్సుకి ఫోన్ చేసింది. చిరునామా చెప్పింది. అంతా అయ్యాక లోహిత పక్కన కూర్చుంది.

"అలారం మోగలేదా?"

లోహిత ముఖం తుడుచుకుంది. పాప వైపు చూసింది.

"లోహితా, అలారం. అరలో పెట్టాం చూడు, తెల్లది."

"తిట్టకుండ్రి ఆంటీ." లోహిత ఏడుపు మొదలుపెట్టింది. "పోపు వేసి ఫ్యాన్ ఆన్ జేసినప్పుడల్ల మోగుతుండె. డబ్లిన్ల మా ఇంట్ల కూడ గట్లనే మోగేది, పోపు పొగకి. ఆ ఇంటామె ఇల్లంత కూర కంపని ఖాళీ చేపిచ్చింది. ఈడ కూడ పక్కింటోళ్ళు అంకుల్‌కి చెప్తరేమోనని... తువ్వాలల చుట్టి మీద హాట్ ప్రెస్సుల పెట్టిన. బట్టల కింద. అంకుల్‌కి చెప్పకుండ్రి ఆంటీ. జూలైల ఆయన కాంట్రాక్టు..."

వేడినీళ్ళ ట్యాంకుండే ఆ అల్మరా తలుపుకి కూడా రంగు వేసింది సుధేష్ణే. ఆ తలుపు ఎంత గట్టిగా పడుతుందో ఆమెకి తెలుసు. లోపల ఏం మోగినా కిందికి వినపడదు.

"అది పోపుకి మోగేది కాదమ్మా," అంది. ఆ మాట అనేశాక మిగతాది చెప్పక తప్పదని ఆమెకి అర్థమైంది. లోహిత తనకేసి చూస్తోంది. దూరంగా సైరన్ వినిపిస్తోంది. అది దగ్గరికి వచ్చేదాకా ఆగుదామా అని ఒక్క క్షణం అనిపించింది.

"ఆ మూల గోడలో గాలికి కన్నం ఉండేది. నేను మూసేశాను. నా చేతుల్తో."

వాన నీళ్ళు జుట్టులోంచి కళ్ళలోకి కారుతున్నా లోహిత తుడుచుకోలేదు. చెయ్యి చాపి, సుధేష్ణ పక్కనున్న పాపని తన ఒళ్ళోకి తీసుకుంది.

*

గిరీష్ ఆపరేషన్ థియేటర్ బట్టల్లోనే ఎమర్జెన్సీకి పరిగెత్తుకొచ్చాడు. లోహితకీ పాపకీ ఆక్సిజన్ మాస్కులు పెట్టి ఉన్నాయి. ప్రజ్వల్ మంచాల మధ్య నిలబడి, భార్య కాలు ఒక చేత్తో, పాప కాలు ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. తన సార్ వచ్చినా తల తిప్పలేదు.

గిరీష్ మానిటర్ వైపు చూశాడు. పాప వేలికి తగిలించిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ అంకె చూపిస్తోంది. "తొంభై తొమ్మిది," అన్నాడు సుధేష్ణ చెవిలో. "బాగానే ఉంది. చూశావా, అనవసరంగా..."

అంటూ ఆగిపోయాడు. ఈ గ్యాసు పట్టినప్పుడు ఆ క్లిప్పు అబద్ధం చెప్తుందని అతనికి తెలుసు. దాన్ని నమ్మొద్దని జూనియర్లకి ప్రతి ఏడూ చెప్పేది అతనే. ప్రజ్వల్‌కి కూడా చెప్పే ఉంటాడు. అతని చెయ్యి మానిటర్ అంచు మీద ఉండిపోయింది.

నర్సు వచ్చి అడిగింది, ఆ గదిలో గాలి వచ్చే దారి ఏమైనా ఉందా అని. గిరీష్ గొంతు సవరించుకున్నాడు. "పాత ఇల్లు కదా, మేము చూడాలి..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఉండేది," అంది సుధేష్ణ. "మేం మూసేశాం. గోడ చూస్తే కనపడదు. రేపు చూడ్డానికి ఎవరొచ్చినా నేను చూపిస్తాను."

నర్సు రాసుకుంది. ప్రజ్వల్ ఇప్పుడు తల ఎత్తాడు. గిరీష్ అతని కళ్ళలోకి చూడలేక నేల వైపు చూశాడు.

బయట నడవాలో గిరీష్ కుర్చీలో కూలబడ్డాడు. "ఏమైపోతామో ఆలోచించావా? ఉద్యోగం, ఆ రెండో ఇల్లు..."

"ఛాతీలో ఏమైనా నొప్పిగా ఉందా?"

"లేదు."

సుధేష్ణ అతని ముఖం కాసేపు చూసింది. నిజమే చెప్తున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. రక్తం రిపోర్టు వచ్చేసరికి చీకటి పడింది. గండం గడిచింది, ఇద్దరికీ తగ్గుతుందన్నారు. ఇంకో గంట ఆ గదిలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అనలేదు.

*

గురువారం లోహితా పాపా ఇంటికొచ్చేలోపే, తనిఖీకి వచ్చిన మనిషి పొయ్యిని మళ్ళీ వెలిగించడానికి వీల్లేదంటూ దాని తలుపుకి ఎర్ర చీటీ కట్టి వెళ్ళాడు. గదికి రెండు కరెంటు హీటర్లు తెచ్చిపెట్టాడు గిరీష్. తాళంచెవితో తెరిచి కాదు, మెట్టు మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున సుధేష్ణ సుత్తీ ఉలీ పట్టుకుని ఆ ఇంటికి వచ్చింది. మెట్టు మీద గోంగూర మరక ఇంకా పచ్చగానే ఉంది. తాళంచెవి సంచీలోనే ఉంది. బెల్ నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. లోపల పాప ఏదో వస్తువుతో నేలని కొడుతున్న చప్పుడు. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. చాలాసేపు ఆగాయి. తెరవదేమో అనుకుంది. తెరవకపోతే తను ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. ఈ ఇంటి తలుపు తెరుచుకుంటుందా లేదా అని భయపడడం ఆమెకిదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. గొలుసు తియ్యలేదు. సందులోంచి లోహిత సగం ముఖం కనపడింది.

"ఆ గోడ..." సుత్తి చూపించింది సుధేష్ణ. "నేనే మూశాను కదా. నేనే..."

లోహిత గొలుసు తీసింది. రమ్మనలేదు, వద్దనలేదు. చెయ్యి చాపి సుత్తి తీసుకుంది. తర్వాత ఉలి.

"ఏ మూలకాడ?"

"పటం దాటాక, నైరుతి మూల. నేల నించి మోకాలెత్తు. అక్కడ తట్టి చూస్తే డొల్లగా వినపడుతుంది."

"మీరు ఆడనే ఉండుండ్రి ఆంటీ," అంది లోహిత. ఆంటీ అనే మాట వదలలేదు, కానీ అందులో మొన్నటిదాకా ఉన్న వణుకు లేదు. లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

సుధేష్ణ పక్కకి నడిచి, బయటి గోడకున్న ఇనప జాలీ ముందు నిలబడింది. లోపల్నించి మొదటి దెబ్బ పడింది. రెండోది. జాలీ కంతల్లోంచి దుమ్ము రాలింది. దెబ్బలు గట్టిపడ్డాయి. మూడు పూతల రంగు, లప్పం, టేపు, బోర్డు. ఎన్ని పొరలు వేసిందో దెబ్బల చప్పుడు మారుతూంటే తెలుస్తోంది. చివరికి బోర్డు విరిగింది. ఎవరో రాతిదూదిని చేత్తో పీకుతున్నారు. జాలీకి అవతల చీకటి కరిగి, ఊదారంగు గదిలోంచి కొంచెం వెలుతురు వచ్చింది. వెలుతురుతో పాటు పాప గొంతు.

ఇక అయిపోయిందనుకుని సుధేష్ణ మెట్టు దగ్గరికి తిరిగొచ్చింది. సుత్తి తీసుకుని వెళ్ళిపోవాలి. గిరీష్‌కి ఫోన్ చేసి, తెరిచేశారు అని చెప్పాలి.

లోపల మళ్ళీ దెబ్బలు మొదలయ్యాయి. ఈసారి చిన్నవి, ఆగి ఆగి. గోడ పగలగొట్టే దెబ్బలు కావవి. ఉలి మీద పడేవీ కావు. ఈ చప్పుడు మూల నించి రావడం లేదు. సోఫా వెనక, మనిషి ఎత్తులో, కొత్త ప్లాస్టరు మధ్య నించి వస్తోంది.

మేకు దిగుతోంది.

సుధేష్ణ తెరిచి ఉన్న తలుపు బయట, మెట్టు మీద, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడింది.